బోసి చేతుల షాట్

"ఈ గుమ్మం దాటి లోనికొచ్చావంటే నా మీద ఒట్టే!"

సీతాలు విసిరిన సంచి వాకిట్లో పడి, అందులోని చీరలు సగం బయటికి వచ్చాయి. కోడలు రోజారమణి వంగి ఒక్కొక్కటే ఏరి, దుమ్ము దులిపి, మడతపెట్టి మళ్లీ సంచిలో పెట్టుకుంటోంది. బట్టలు మడతపెట్టుకోవడానికి ఇదా సమయం అని ధనశ్రీకి ఒళ్లు మండింది. తిట్లు పడుతున్న మనిషి ఎదురు ఒక్క మాటైనా అనాలి కదా!

"అమ్మా, తప్పు నాది. వొదిన్ని నానే అడిగినాను. ఏషం కట్టాల్సిన పిల్ల ఆ పొద్దు రాలేదు. ఏటి సెయ్యమంతావు?"

"నువ్వడిగితే ఇది గాజులు తీసీడవేటి? మొగుడు ఏటకెల్లి రెండు దినాలు అవలేదు. బొట్టు సెరుపుకుని, తెల్లసీర సుట్టుకుని, జెట్టీ మీద కూకుంటాదా? ఈదిలో పతోడి ఫోన్లోనూ నా కోడలు ముండమోసి కూకుందే!"

వీధంతా ఆ సినిమా చూసింది. కాలేజీలో మార్కులకి ప్రేక్షకుల అభిప్రాయాలు కూడా కావాలన్నారని ధనశ్రీయే అందరికీ పంపింది. చూడకుండా మిగిలింది సీతాలు ఒక్కతే. నిన్న కొళాయి దగ్గర ఎవరో పుణ్యాత్మురాలు ఆ లోటు కూడా తీర్చింది.

"అది సినిమాయే అమ్మా. రెండు నిమిషాలు."

"సముద్రానికి తెలుస్తాదేటి అది సినిమా అనీసి?"

బోటు రావలసిన రోజు దాటిపోయింది. అదే పొద్దున వెళ్లిన బోట్లన్నీ తిరిగొచ్చి, చేపలు దించి, మళ్లీ ఐసు ఎక్కించుకుంటున్నాయి. సీతాలు కొడుకు అప్పలసూరి వల లాగే కలాసీగా వెళ్లిన బోటు మాత్రం జాడ లేదు. దాన్ని నడిపే సరంగు పరాయివాడు కాదు, సీతాలు తమ్ముడు పోలిరాజు. వైర్‌లెస్ సెట్టులో ఎన్నిసార్లు పిలిచినా ఇద్దరిలో ఎవరూ పలకడం లేదు.

మగవాడు వేటకి వెళ్లి వచ్చేదాకా ఆ ఇంటి ఆడది గాజు తీయదు, బొట్టు చెరపదు. చెయ్యి వాచి గాజు కోసుకుపోతున్నా తీయదు. జాలరిపేటలో పుట్టిన పిల్లకి ఈ సంగతి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ధనశ్రీకి తెలుసు. తెలిసే చేసింది.

థ్రిల్లర్ సినిమా అన్నాక మొదటి రెండు నిమిషాల్లోనే చూసేవాడి గుండె జారాలని క్లాసులో చెప్పి, ఆ రెండు నిమిషాలే తీసుకురమ్మన్నారు. మిగతా పిల్లలు కత్తులూ, ముసుగులూ, ఎర్రరంగు సీసాలూ వెతుక్కున్నారు. ధనశ్రీకి తెలిసినవాటిలో గుండె జారే బొమ్మ ఒక్కటే. జెట్టీ మీద కూర్చున్న ఆడదాని బోసి చేతులు. చిన్నప్పుడు ఆ బొమ్మని కళ్లారా చూసింది. అయ్య వెళ్లిన బోటు అయ్య లేకుండా తిరిగొచ్చిన ఏడు, ఆ చేతులు అమ్మవి.

ఆ మాట సీతాలుతో అనగలదా? అనలేదు.

"ఎల్లు ధనా, బస్సు పోద్ది" అంది రోజారమణి, తలెత్తకుండానే. "ఇయ్యాల మార్కులేత్తారన్నావు గదా."

"నిన్నిలాగ ఒగ్గీసి నానెలాగ ఎల్లగలను?"

"ఎల్లు. నానేటి సచ్చిపోను."

సీతాలు రెండు చేతులూ గాలిలోకి ఎత్తింది. "సూసినావా? దాని కంట నీటిసుక్క ఉందేటి? మొగుడి బోటు రాలేదనీసి ఈదంతా కూడు మానీసి కూకుంటే, దీనికి బస్సు టైము గురుతొత్తాంది! ఓలె, సాయంకాలం నాను హార్బర్ కాడ్నించి ఒచ్చేసరికి నువ్విక్కడుండకూడదు. బీవిలి పో. మీ అమ్మకాడికి పో. నా కొడుకొచ్చి పిలిస్తే అప్పుడు రా."

చెప్పులు వేసుకోకుండానే సీతాలు హార్బర్ దారి పట్టింది. రోజూ పొద్దున వెళ్లి జెట్టీ మీద నిలబడుతోంది. ఎవరు లాగినా పొద్దు వాలేదాకా కదలడం లేదు.

అమ్మ అన్న మాటల్లో ఒక్కటి మాత్రం ధనశ్రీని వదల్లేదు. నిజమే, వదిన ఏడవలేదు. బోటు జాడ లేదని తెలిసిన నాటినుంచి ఒక్కసారి కూడా ఏడవలేదు. అన్నం వండుతోంది, అంట్లు తోముతోంది, తిట్లు పడుతోంది. మనిషి రాయిలా ఉండడం ధైర్యమేనా, ఇంకేదైనానా?

* * *

మధురవాడ కాలేజీలో ఆ రోజు తెర మీద ధనశ్రీ సినిమాయే ఆఖరుది. పేరు 'అలికిడి'.

ఖాళీ జెట్టీ. ఐసు ఆడించే మిషను చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. తాడు మీద పడివున్న రెండు బోసి చేతులు. నుదుటి మీద బొట్టు చెరిపిన మరక. ఎక్కడో విజిల్. తెల్లచీర మనిషి తలెత్తి చూస్తుంది. ఆ చూపు దగ్గర తెర నల్లబడి పేరు పడుతుంది.

అంతకుముందు కత్తులు చూసి నవ్విన పిల్లలు ఇప్పుడు నవ్వలేదు. కాసేపటికి వెనక బెంచీలో ఎవరో చప్పట్లు మొదలెట్టారు.

నీలిమ మేడమ్ చప్పట్లు కొట్టలేదు. సబ్బవరం రైతింటి పిల్ల ఆవిడ. కందులు ఏరినట్టు పిల్లల సినిమాల్లో రాళ్లు ఏరుతుందని పేరు.

"ధనశ్రీ, ఈవిడెవరు?"

"మా వదిన, మేడమ్."

"ఇంతకుముందు నటించారా?"

"లేదు మేడమ్. చేపలమ్ముతుంది."

"మరి ఈ చూపు ఎలా రప్పించావు?" ధనశ్రీ రాసిచ్చిన కాగితాలు ఆవిడ చేతిలో ఉన్నాయి. తన సినిమాని తనే ఎంచి చూసుకుని రాయాలి, సగం మార్కులు దానికే. "కెమెరా నేల మీద ఎందుకు పెట్టావో రాశావు. పాట ఎందుకు పెట్టలేదో రాశావు. ఐసు మిషను చప్పుడు ఎందుకు ఉంచావో బ్రహ్మాండంగా రాశావు. అసలు సినిమాని నిలబెట్టిన ఈ చూపు గురించి ఒక్క ముక్క రాయలేదు. ఏం?"

"విజిల్ వినగానే సముద్రం వైపు చూడమన్నాను మేడమ్. చూసింది."

నీలిమ మేడమ్ ఆ షాట్ మళ్లీ వేసింది. మెల్లగా, ఆపుకుంటూ.

"సముద్రం ఎటువైపు?"

"ఆవిడకి కుడివైపు."

"కళ్లు ఎటు వెళ్లాయి?"

ధనశ్రీ ఈ షాట్‌ని ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఎడిటింగ్ చేస్తూ దీన్నే ముందుకీ వెనక్కీ తిప్పింది. చూపు బాగా వచ్చిందని మురిసిపోయింది గానీ, అది ఎటు వెళ్లిందో చూడనే లేదు. ఎడమకి వెళ్లింది. కెమెరా దాటి, కెమెరా పెట్టిన తనని దాటి, వెనక్కి వెళ్లింది. వెళ్లి ఆగలేదు. అటు ఏదో కదులుతుంటే దాంతోపాటు కదిలింది.

"ఇది నటన కాదమ్మాయ్" అంది మేడమ్. "ఆవిడ నిజంగా ఉలిక్కిపడింది. ఏం చూపించి బెదిరించావు?"

"నేనేమీ చూపించలేదు మేడమ్."

"అయితే నాకు అబద్ధమన్నా చెప్తున్నావు, లేకపోతే నీ సినిమాలో ఏముందో నీకే తెలీదన్నా అనుకోవాలి. మార్కులు రేపు వేస్తాను. ఇంటికెళ్లి ఆవిణ్ణే అడిగి, ఈ కాగితం పూర్తిచేసి పట్రా."

"చంటిగాడి మొహం చూసి జడుసుకుని ఉంటాది మేడమ్!" అన్నాడొకడు వెనకనుంచి. క్లాసంతా నవ్వింది. ధనశ్రీ మాత్రం తెర మీద ఆగిపోయిన వదిన కళ్లలోకే చూస్తూ నిలబడింది.

బయటికి రాగానే చంటి వరండాలో పట్టుకున్నాడు. షూటింగ్ రోజు ధనశ్రీకి తోడు వచ్చింది అతనొక్కడే.

"నవ్వుతారు గానీ, నాను మీ వొదిన పక్కనే ఉన్నాను గదా. నీకు గురుతులేదేటి? నువ్వు కెమెరా పట్టుకుని డైరెక్టర్‌లాగ పోజులు కొడతంటే రెండో ఫోన్లో నిన్ను తీస్తన్నాను. నీకు సూపించి ఏడిపిద్దామని దాసినాను. ఇంతవరకూ ఎవరికీ సూపించలేదు."

"నన్నంటే... నా ఎనకాల ఉన్నది కూడా పడుంటాది గదా?"

"పడే ఉంటాది."

కిటికీ నీడలో ఇద్దరూ ఆ ఫోన్ మీదికి వంగారు. బొమ్మలో ధనశ్రీ నేల మీద బోర్లా పడుకుని కెమెరా చూసుకుంటోంది. ఆమె వెనక ఐసు ఫ్యాక్టరీ గోడ, గోడ పక్కన వెనకభాగం ఇటు తిరిగి ఉన్న ఆటో. ఆటో ఎక్కబోతూ ఆగిన మనిషి ఒకడు, తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. విజిల్ వినిపించింది. అతను ఇటు తిరిగాడు. తువ్వాలు జారింది.

అప్పలసూరి.

అప్పటికే బోటెక్కి సముద్రం మీదికి వెళ్లిపోయిన అన్న, నేల మీద నిలబడి ఉన్నాడు. ఇటే చూశాడు. చంటి చేతిలో ఫోనూ చూశాడు. ఆ తర్వాత రెండు చేతులూ జోడించి దండం పెట్టి, గబుక్కున ఆటోలో దూరాడు. ఆటో వెళ్లిపోయింది.

ధనశ్రీకి ముందు ప్రాణం లేచొచ్చింది. అన్న బోటులోనే లేడు! బోటుకి ఏమైనా కానీ, అన్న బతికే ఉన్నాడు! ఆ వెంటనే రెండో సంగతి తట్టింది.

వదినకి తెలుసు. అమ్మ రోజూ జెట్టీ మీద నిలబడి ఏడుస్తుంటే చూస్తూ ఊరుకుంది. అన్నీ తెలిసి ఊరుకుంది.

"మీ అన్న గదేటి?" చంటి గొంతు తగ్గించాడు. "ఏటకెల్లినాడన్నావు?"

"నాకు పంపీసి, నీ ఫోన్లో తీసీ చంటీ. నా ఎదురుగానే తీసీ. ఎవులికీ సెప్పకు."

"ఏటైనాది?"

"నాకు తెలిస్తే గదా నీకు సెప్పీది!"

* * *

ఇంటికి వచ్చేసరికి రోజారమణి గుమ్మం బయట సంచి మీదే కూర్చుని ఉంది. లోపలికి అడుగు పెట్టలేదు. అలాగని ఊరికే కూర్చోలేదు. బయటినుంచే వాకిలి ఊడ్చింది, తొట్టిలో నీళ్లు నింపింది, దండెం మీద అత్త చీర ఆరేసింది. అమ్మ ఇంకా హార్బర్ నుంచి రాలేదు.

ధనశ్రీ పక్కన కూలబడి ఫోన్ ఆమె ముందు పెట్టింది. బస్సులో హనుమంతవాక దాటినప్పటినుంచీ కూడబెట్టుకున్న కోపమంతా గొంతులోకి వచ్చింది.

"ఇదేటి వొదినా?"

రోజారమణి కడదాకా చూసింది. "మళ్లీ ఎయ్యి" అంది. మళ్లీ చూసింది. అన్న దండం పెట్టిన చోట తెర మీద వేలితో నెమ్మదిగా తాకింది.

"సిక్కిపోనాడు" అంది.

"సిక్కిపోనాడా! సెప్పడానికి నీకదే దొరికిందా? అమ్మ నిన్ను ముండమోసి అంటంటే నోట్లో మాట లేదు. అన్న బోటెక్కలేదు, బతికే ఉన్నాడనీసి ఒక్క ముక్క సెప్పీలేవా? మా అమ్మ మనిషి గాదా?"

"దండం పెట్టినాడు గదా."

"పెడితే?"

"మొగుడు పెల్లానికి దండం పెట్టడం నువ్వెక్కడైనా సూసినావా ధనా?" రోజారమణి తెర మీదినుంచి తలెత్తింది. "మీ అన్న నన్ను మంచినీల్లు కూడా మెల్లగ అడగడు. ఆ మనిషి నడిబజార్లో సేతులు జోడించీసినాడు. సెప్పకే అన్నట్టు. నాను సూసినట్టు ఎవులికైనా తెలిస్తే ఏటవుద్దో అనీసి బయమేసింది. నోరెత్తలేకపోనాను."

"ఆటోలో ఇంకెవులున్నారు?"

"కనపళ్లేదు."

"ఆడమనిషా?"

ఆ మాట అన్నాక ధనశ్రీకే సిగ్గేసింది. రోజారమణి నవ్వబోయి మానేసింది.

"రోజూ నన్ను నానే అడుక్కుంతన్నాను అదే మాట. అదే నిజమైతే బాగున్నని దేవుడికి మొక్కుకున్నాను కూడా. ఆడదాని కోసం ఎల్లినోడైతే ఎప్పటికైనా తిరిగొత్తాడు గదా. నీకు తెలీదు ధనా, ఆ మొకం ఆడదాని కోసం ఎల్తన్నోడి మొకం కాదు. బెదిరిపోయినోడి మొకం."

ఎవరికి బెదిరిపోయాడు? ఆ ప్రశ్న ధనశ్రీ నోట్లో ఉండగానే వీధి చివర కేకలు లేచాయి.

"బోటొచ్చింది! పోలిరాజు బోటొచ్చింది!"

ఇద్దరూ ఒక్కసారే లేచారు. అరుగుల మీంచి జనం పరుగెత్తుతున్నారు. ఎక్కువ దూరం వెళ్లనక్కర్లేకపోయింది. హార్బర్ వైపునుంచి గుంపు ఎదురొచ్చింది. ముందు పోలిరాజు, అతని భుజం మీద వాలిపోయి సీతాలు. ఆమె కాళ్లు నడవడం లేదు. అతనే ఈడ్చుకొస్తున్నాడు.

అయ్య పోయినప్పటినుంచి ఆ ఇంటికి మగదిక్కు పోలిరాజే. ధనశ్రీని మొదటిసారి బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది ఆ మావే. సూరిని బోటెక్కించి వల పట్టడం నేర్పిందీ ఆ మావే. అలాంటి మనిషి వాకిట్లో ఆగి, తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

"సూరిగాడు మనల్ని ఒగ్గీసి ఎల్లిపోనాడమ్మా!"

ఎవరో ఆడమనిషి శోకం ఎత్తుకుంది.

"వల లాగతంటే గాలి తిరిగింది. పట్టు జారి పడిపోనాడు. అక్కడక్కడే తిరిగి ఎతికినాం. సెట్టు కూడా సెడిపోయి కూకుంది, ఎవుల్నీ పిలవలేకపోనాం. అందుకే ఇన్ని దినాలు ఆలీసెమైపోనాది. నా సేతుల్తో పెంచినోడు... నా కల్ల ముందే..."

ధనశ్రీ గుంపుని తోసుకుని ముందుకొచ్చింది.

"అన్న... మొదట్నించీ బోటులోనే ఉన్నాడా మావా?"

పోలిరాజు తువ్వాలు తీసి ఆమెకేసి చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, తడి మాత్రం లేదు.

"అదేటి అలగడుగుతావు ధనమ్మా? జెట్టీ ఒదిలిన కాడ్నించీ నా పక్కనే తిన్నాడు, నా పక్కనే తొంగున్నాడు."

అబద్ధం. ఎత్తుకు పెంచిన మావ, అమ్మని భుజాన ఆనించుకుని, ఇంతమంది ఎదుట నిలబడి అబద్ధం ఆడుతున్నాడు. ఆ అబద్ధాన్ని పటాపంచలు చేసేది తన గుప్పిట్లోనే ఉంది. ఒక్కసారి అమ్మ ముఖం ముందు పెడితే చాలు.

పెద్ద ఆడవాళ్లిద్దరు రోజారమణి దగ్గరికి కదిలారు. వాళ్లు ఏం చేయబోయారో, ఊరికే పట్టుకుని ఏడవడానికే వెళ్లారో తెలియదు గానీ, సీతాలు తమ్ముణ్ణి తోసేసి లేచింది. పడుతూ లేస్తూ వెళ్లి, పొద్దున తను గెంటేసిన కోడలి రెండు చేతుల గాజులనూ తన రెండు చేతుల్లో బిగించి పట్టుకుంది.

"ముట్టుకోకండి! నా కోడలి సెయ్యి ఎవులైనా ముట్టుకున్నారంటే సంపీగల్ను! శవం ఏదీ? నాకు సూపించండి! నా మొగుడికీ శవం లేదు, నా కొడుక్కీ లేదేటి? గాజులు తియ్యనీను! ఒసే రోజా, నువ్వు తియ్యకే... నువ్వు తీసినావంటే ఆడు రాడే..."

నాలుగు దినాలుగా రాయిలా ఉన్న రోజారమణి అత్త మెడ మీద తలపెట్టి బావురుమంది.

ధనశ్రీ ఇక ఆగలేకపోయింది. అమ్మకి చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. ఫోన్ పట్టుకుని ముందుకి వంగేసరికి, అత్త భుజం మీదినుంచి వదిన తలెత్తి చూసింది. తెర మీద ఆగిపోయిన చూపే అది. కుడికి కాదు, ఎడమకి. ఎడమవైపు పోలిరాజు నిలబడి ఉన్నాడు. ఆ చూపు అతని మీదినుంచి ధనశ్రీ మీదికి వచ్చి, అడ్డంగా ఒక్కసారి కదిలింది.

వద్దు.

అన్న ఎవరికి బెదిరాడో ధనశ్రీకి అప్పుడు అర్థమయింది. అన్న చచ్చిపోయాడని నలుగురూ నమ్మాలని మావకి ఎందుకుందో తెలియకుండా, బతికున్నాడని ఇక్కడ చూపిస్తే అన్నకి ఏం ముంచుకొస్తుందో! ఆమె ఫోన్‌ని చున్నీ చాటుకి లాక్కుంది.

భుజం మీద చెయ్యి పడింది. ఉప్పుగాలి వాసన. చిన్నప్పుడు ఆ వాసన వస్తే ఎదురు పరుగెత్తి చంకెక్కేది.

"ఊరుకో అమ్మా" అన్నాడు పోలిరాజు, ఆమెకి మాత్రమే వినపడేలా. "ఏదో సినిమా తీసినావంట గదా జెట్టీ కాడ. మీ అమ్మ సెప్పింది దార్లో. ఆడి గురుతుగా సూసుకుంతాను. ఓసారి ఇలాగియ్యి."

"అది... కాలేజీలో ఇచ్చీసినాను మావా."

"అది కాదమ్మా" అన్నాడు మావ, ప్రేమగా తల నిమురుతూ. "ఆ కుర్రోడు నీ ఎదురుగా నిలబడి రెండో ఫోన్లో తీసినాడు సూడు, అది."

ఆ రెండో ఫోన్ సంగతి తెలిసింది నలుగురికే. పట్టుకున్న చంటి మధురవాడలో ఉన్నాడు, మావ ముఖం కూడా ఎరగడు. పక్కన కూర్చున్న వదిన ఇల్లు కదల్లేదు. బోర్లా పడుకున్న తను ఇక్కడే ఉంది.

నాలుగోవాడు ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన నిలబడి దండం పెట్టినవాడు. ఆ తర్వాత మావకి ఈ సంగతి చెప్పగలిగింది వాడొక్కడే. జెట్టీ ఒదిలిన దగ్గర్నుంచీ తన పక్కనే తిని, తన పక్కనే పడుకుని, తన కళ్ల ముందే మునిగిపోయాడని మావ చెప్తున్నది వాడి గురించే.

చాచిన చెయ్యి మావ ఇంకా వెనక్కి తీసుకోలేదు.